గోల్కొండ రామదాసు నడక: పాట బాగుంది, చివరి చరణం ఏది?

అయిదుకు మూడున్నర ఇస్తున్నాను. అందులో రెండున్నర పాడిన అమ్మాయికి, ఒకటి టిఫినుకి. కోసేసిన ఒకటిన్నర ఎందుకో చెప్పాలంటే కాస్త లోపలికి వెళ్లాలి. అంత ఓపిక లేనివాళ్లు ఇక్కడే ఆగి బుక్ చేసుకోవచ్చు, డబ్బులు మాత్రం దండగ కావు.

హైదరాబాద్‌లో శని, ఆదివారాలు పాత కట్టడాల దగ్గర నడకలు నడిపే ఒక చిన్న సంస్థ ఉంది. పేరు రాయడం లేదు. నేను చెప్పిన లోపాలు సరిచేస్తామన్నారు, చేస్తారో లేదో చూసి అప్పుడు రాస్తాను. గోల్కొండలో వాళ్లు 'రామదాసు నడక' అని ఒకటి పెట్టారు. మనిషికి ఏడొందలు. ఆ డబ్బుకు ఒక గైడు, చెవికి తగిలించుకునే ఇయర్‌ఫోను, ఒక చిన్న పుస్తకం, రామదాసు బందీఖానాలో ఒక గాయని పాడే కీర్తనలు, కిందికి దిగాక టిఫిను. కోట టికెట్టు మనమే కొనుక్కోవాలి. ఈ ముక్క బుకింగ్ పేజీలో అట్టడుగున సన్న అక్షరాల్లో ఉంది. పైన రాస్తే వాళ్ల సొమ్మేం పోయిందో తెలీదు.

మేం దిల్‌సుఖ్‌నగర్ నుంచి మెట్రోలో లక్డీకాపూల్ దాకా వెళ్లి అక్కడ ఆటో మాట్లాడుకున్నాం. కార్లలో వచ్చినవాళ్లు పార్కింగ్ కోసం పడ్డ పాట్లు చూశాక మేమే నయమనిపించింది. గైడు కుర్రాడు చురుకైనవాడే. కింద కమాను దగ్గర చప్పట్లు కొడితే పైన కొండ మీద ఎలా వినిపిస్తుందో చూపించాడు, కుతుబ్‌షాహీల వంశం మొత్తం గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. ఆ భాగం గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు, ఏ గైడైనా చెప్పేదే. ఇయర్‌ఫోన్లు మాత్రం సగం మెట్లు ఎక్కేసరికి ఒక్కొక్కటే మూగబోయాయి. రాత్రి ఛార్జింగ్ పెట్టడం మర్చిపోయారట.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పుకోవాలి, లేకపోతే తర్వాత రాసేది అర్థం కాదు. సర్వీసంతా ప్రభుత్వ ఆడిట్‌లో చేసి రిటైరైనవాణ్ని. ఎవడు ఎంత తిన్నాడో, ఎవడు తినకుండానే ఇరుక్కున్నాడో కాగితాల్లో వెతకడమే నా ఉద్యోగం. మా ఆవిడకు సంగీతం వచ్చు, రామదాసు కీర్తనలంటే ప్రాణం. కాబట్టి మా ఇంట్లో రామదాసు, అంటే కంచర్ల గోపన్న గారి మీద ఎప్పుడూ రెండు పార్టీలుంటాయి.

కథ అందరికీ తెలిసిందే అయినా చెబుతాను. గోపన్నది ఖమ్మం జిల్లా నేలకొండపల్లి. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా 1672 నుంచి 1687 దాకా ఏలాడు. ఆయన కొలువులో చక్రం తిప్పిన అక్కన్న, మాదన్నలు గోపన్నకు మేనమామలని చెబుతారు. ఆ అండతో పాల్వంచ పరగణాకు తహసీల్దారయ్యాడు. వసూలు చేసిన శిస్తు గోల్కొండ ఖజానాకు పంపకుండా భద్రాచలంలో రాముడికి గుడి కట్టించాడు, నగలు చేయించాడు. సంగతి బయటపడి పట్టుకొచ్చి జైల్లో వేశారు. పన్నెండేళ్లు అంటారు.

మా ఆఫీసు భాషలో ఇది మంజూరు లేని ఖర్చు. పై అధికారి అనుమతి లేదు, పద్దు లేదు, సర్కారు సొమ్ము దారి మళ్లింది. మన కథల్లో తానీషాను కొంచెం దుర్మార్గుణ్ని చేసి చెబుతారుగానీ, ఆ సీట్లో నేనున్నా రికవరీయే రాసేవాణ్ని. కొరడా దెబ్బలు వద్దనేవాణ్ని, అంతే తేడా. ఈ మాట మెట్ల మీద పైకే అన్నాను. "ఏమండీ, కనీసం ఇక్కడైనా ఆ ఫైలు మూసేయండి" అని మా ఆవిడ మోచేత్తో పొడిచింది.

బందీఖానా కొండ ఎక్కే దారిలోనే వస్తుంది. మొదట్లో సరుకులు దాచే గిడ్డంగి అని చెబుతారు. ఎండలోంచి లోపలికి అడుగు పెట్టగానే కాసేపు ఏమీ కనపడదు. గబ్బిలాల వాసన ముందు తగులుతుంది. తర్వాత పైనుంచి పడే కాస్త వెలుతురుకు కళ్లు అలవాటు పడి, రాతి గోడ మీద చెక్కిన బొమ్మలు మెల్లగా తేలతాయి. రాముడు, సీత, లక్ష్మణుడు, హనుమంతుడు. రామదాసే చెక్కాడని నమ్మకం. వాటిలో నేర్పున్న శిల్పి చెయ్యి కనపడదు. గీతలు లోతు తక్కువ, జనం పూసిన కుంకుమ, నూనె జిడ్డు కింద సగం మునిగిపోయి ఉన్నాయి. భద్రాచలంలో అంత ఖర్చు పెట్టి నిలబెట్టిన దేవుణ్ని ఇక్కడ పైసా ఖర్చు లేకుండా గోడ మీద పెట్టుకోవాల్సి వచ్చింది ఆయనకి. నేను చాలాసేపు ఆ గోడ దగ్గరే ఉండిపోయాను. గైడు ఇంతలో కబీరుదాసు స్వయంగా వచ్చి గోపన్నకు రామమంత్రం ఇచ్చాడని చరిత్రలాగా చెప్పుకుపోతున్నాడు. కబీరుకూ గోపన్నకూ మధ్య వందేళ్లకు పైగా దూరం. కథగా చెబితే ఎవరికీ అభ్యంతరం లేదు, కథ అని ఒక్క మాట కలిపితే చాలు.

గాయని పాతికేళ్ల లోపు పిల్ల. తంబురా కూడా లేదు, ఫోన్లో శ్రుతి పెట్టుకుంది. ముందు 'పలుకే బంగారమాయెనా' పాడింది. ఆ రాతి గదిలో గొంతు మనం విన్నట్టు ఉండదు, చుట్టూ తిరిగి వెనకనుంచి వచ్చి చేరుతుంది. సెల్‌ఫోన్లు ఎత్తినవాళ్లు కూడా రెండో పంక్తికి దించేశారు. ఆ తర్వాత అందుకుంది అసలుదాన్ని, 'ఇక్ష్వాకు కులతిలక'.

ఈ కీర్తనను చిన్నప్పట్నుంచీ వింటున్నవాళ్లు కూడా ఒకసారి నా కళ్లద్దాలతో చూడండి. ఇది దేవుడి ముందు పెట్టిన బిల్లు. ప్రాకారం కట్టించాను, ఇంత అయింది. భరతుడికి పచ్చల పతకం, ఇంత. శత్రుఘ్నుడికి మొలతాడు, ఇంత. లక్ష్మణుడికి ముత్యాల పతకం, సీతమ్మకు చింతాకు పతకం, ఒక్కోదానికీ ఇంత. ప్రతి పద్దుకూ గుండుగుత్తగా పదివేలే. ప్రాకారానికీ పదివేలే, మొలతాడుకూ పదివేలే! ఇలాంటి అంచనాలు నా టేబుల్ మీదికొస్తే తిప్పి పంపేవాణ్ని. కానీ ఆ గదిలో నించుని వింటే ఆ మనిషి లెక్క చూపించడానికి పాడటం లేదని తెలుస్తుంది. ఉద్యోగమంతా లెక్కలు రాసినవాడికి కడుపు మండితే నోట వచ్చేది కూడా లెక్కే. చివరికి అంటాడు, నీకు కలికితురాయి చేయిస్తే ఎవరబ్బ సొమ్మని కులుకుతూ తిరుగుతున్నావు, మీ నాన్న దశరథుడు పెట్టాడా, మీ మామ జనకుడు పంపాడా అని.

దేవుణ్ని పట్టుకుని మామగారి కట్నం దాకా వెళ్లిన మనిషి ఎంత దగ్గరగా ఉంటే అలా అనగలిగాడో చూడండి. పరాయివాళ్లను మనం అలా దులపం. అర్జీ పెట్టుకుంటాం, ఆఖర్న 'తమ విధేయుడు' అని సంతకం పెడతాం.

సరే, ఇక్కడే పేచీ మొదలైంది. తిట్లు అయిపోగానే గాయని ఆపేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. పుస్తకం తెరిచి చూస్తే అందులోనూ అంతవరకే అచ్చేశారు. చివరి చరణం లేదు. తిట్టానని నొచ్చుకోకు, ఈ దెబ్బలకు ఓర్వలేక తిట్టాను అని రాముణ్ని బతిమాలుకునే చరణం. మా ఆవిడ గైడును అడిగింది. "టైమ్ సరిపోదమ్మా, జనాలకు తిట్లంటేనే ఇష్టం, క్లిప్పులు కూడా అవే బాగా తిరుగుతాయి" అన్నాడు. కుర్రాడు అబద్ధం ఆడలేదు, అందుకు మెచ్చుకోవాలి. కానీ ఆ చరణం తీసేస్తే మిగిలేది ఒక సర్కారు ఉద్యోగి చిరాకు. విరిగిన మనిషి కనపడేది అక్కడే. తిట్టినంతసేపూ గట్టిగా నిలబడ్డవాడు, ఎదుటివాడు నొచ్చుకుంటాడేమోనన్న భయానికి కూలిపోతాడు. ఒంటి మీద దెబ్బలున్నది తనకి, ఓదారుస్తున్నది రాముణ్ని.

మా ఆవిడ ఊరుకునే రకం కాదు. "నీకు వచ్చు కదమ్మా, పాడు" అని ఆ పిల్లనే అడిగింది. ఆ పిల్ల గైడు వైపు ఒకసారి చూసి, ఫోన్లో శ్రుతి ఆపేసి, గోడ బొమ్మల వైపు తిరిగి పాడింది. మాకు వీపే కనపడింది. ఆ రెండు పంక్తులకే ఏడొందలూ చెల్లిపోయాయి. పైన ఇచ్చిన రెండున్నర అందుకు.

మా గుంపులో సికింద్రాబాద్‌లో టీచరుగా చేసి రిటైరైన ఒకావిడ ఉంది, క్రైస్తవులు. బయటికొచ్చి నీడలో కూర్చున్నప్పుడు మాటల్లో పడ్డాం. "అన్నగారూ, మా బైబిల్లో కూడా ఇలాంటి ఒక కీర్తన ఉంది" అంది. 51వ కీర్తన. దావీదు రాజు ఊరియా భార్య బత్షెబను చేరదీసి, ఊరియాను యుద్ధంలో ముందు వరుసలో పెట్టించి చంపించాడు. నాతాను ప్రవక్త వచ్చి గొర్రెపిల్ల కథ చెప్పి ఆ మనిషివి నువ్వే అన్నాక రాసిందని కీర్తన పైనే ఉంటుందట. బలులూ దహనబలులూ నీకు అక్కర్లేదు, విరిగిన మనస్సే దేవుడికిష్టమైన బలి, విరిగి నలిగిన హృదయాన్ని నువ్వు అలక్ష్యం చేయవు అంటాడు 16, 17 వచనాల్లో.

"ఇంకో చోట, ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయంలో, పూర్ణహృదయంతో ప్రేమించమని ఉంది" అంది ఆవిడ. "పూర్ణంగా కావాలంటారు, విరిగింది కావాలంటారు, ఇదేమిటని బడిలో పిల్లలు అడిగితే నేనేదో చెప్పి దాటేసేదాన్ని. ఈ గోపన్న గారి పాట విన్నాక అనిపిస్తోంది, కోపం కూడా దాచుకోకుండా తీసుకెళ్లి అక్కడే పెట్టేశాడు కదా. ఇంక తన దగ్గర ఏం మిగుల్చుకున్నాడు? అదే పూర్ణంగా ఇవ్వడమేమో."

నాకు మాట బాగా నచ్చింది, కానీ అలవాటు పోదుగా, అభ్యంతరం ఒకటి పెట్టాను. దావీదు విరిగింది తను చేసిన తప్పుకు. పాపం చేశాను అని ఒప్పుకున్నాడు. మా గోపన్న శిస్తు డబ్బు గురించి ఈ పాటలో ఒక్కసారి కూడా తప్పయిందనడు. అసలు ఆడిట్ అభ్యంతరానికి జవాబే లేదు. సంజాయిషీ ఇచ్చుకున్నది రాముణ్ని తిట్టినందుకు. అంటే ఆయన దృష్టిలో తన వల్ల జరిగిన నేరం అదొక్కటే. ఆవిడ నవ్వి, "మరి మీరు సంతకం పెడతారా, పెట్టరా?" అని అడిగింది. ఫైలు పెండింగ్‌లో ఉంచుతానన్నాను.

ఆ ముచ్చట అలాగే సాగి ఉంటే బాగుండేది. ఇంతలో గైడు అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని 'మీ హృదయం ముక్కలైన క్షణాన్ని' గుర్తు చేసుకోమన్నాడు. ఫోన్లో వేణునాదం పెట్టాడు. ఒక నిమిషం అయ్యాక ఎవరైనా పంచుకుంటారా అని అడిగాడు. ఒక ఐటీ కుర్రాడు ప్రమోషన్ రాని సంగతి చెప్పాడు, పాపం వాడి బాధ వాడిది. ముక్కు మొహం తెలియని ముప్పై మంది మధ్య, టిఫినుకు ముందు, ఆర్డరు మీద మనసు విప్పమంటే ఎవరికి వస్తుంది? ఈ కార్యక్రమం తీసేసి ఆ టైమ్ చివరి చరణానికి ఇవ్వండి అని వాళ్ల ఫీడ్‌బ్యాక్ కాగితం మీద రాసి ఇచ్చాను. అర మార్కు దీనికి పోయింది. మిగతా ఒక మార్కు పుస్తకానికి.

పుస్తకంలో ఇంకో లోటు కూడా ఉంది. విడుదల ఘట్టం రెండు వాక్యాల్లో తేల్చేశారు. రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ అనే బంట్ల వేషంలో రాత్రివేళ తానీషా దగ్గరికి వెళ్లి ఆరు లక్షల మొహరీలు కట్టి, రసీదు తీసుకుని, దాన్ని నిద్రపోతున్న గోపన్న తలగడ కింద పెట్టి వెళ్లారని కథ. రసీదు తీసుకోవడం నాకు మహా ఇష్టమైన సంగతి. దేవుడంతటివాడు కూడా చెల్లింపు రుజువు లేకుండా కదల్లేదు! కానీ హరికథల్లో దాని తర్వాత చెప్పే ముక్కను ఈ పుస్తకం వదిలేసింది. తెల్లారి సంకెళ్లు విప్పాక గోపన్న సంతోషపడడు, ఏడుస్తాడు. జైల్లో పెట్టిన తానీషాకు కనిపించావు, ఇన్నేళ్లు పిలిచిన నాకు కనిపించలేదేమిటి అని. దెబ్బలకు విరిగినదానికంటే ఇది పెద్ద విరగడం. బాకీ తీరింది, జైలు తప్పింది, కావలసింది మాత్రం పక్కవాడికి దొరికింది. అందుకేనేమో, తర్వాతి కాలంలో త్యాగరాజు కూడా 'క్షీరసాగర శయన'లో రామదాసు చెర విడిపించిన సంగతి విన్నానని రాముడికి గుర్తు చేసి, నన్ను చింతల పెట్టడం న్యాయమా అని అడుగుతాడు. ఒకరి అర్జీ ఇంకొకరికి పాత తీర్పులా పనికొచ్చింది.

తానీషా కథ గైడు బాగా చెప్పాడు, అది ఒప్పుకోవాలి. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలల ముట్టడి తర్వాత, లోపలివాడొకడు తలుపు తీయడంతో కోట పడిపోయింది. గోపన్నను బంధించిన సుల్తాను దౌలతాబాద్ కోటలో బందీగా 1699లో చనిపోయాడు. ఆయనదీ ఇంచుమించు పన్నెండేళ్లే. ఆ లెక్క గైడు చెప్పలేదు, నేను మెట్లు దిగుతూ వేసుకున్నది. భద్రాచలం కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ ఆయన పేరు మీదే చెబుతారు, నిజాముల కాలంలోనూ సాగింది, ఇవాళ్టికీ ప్రభుత్వం తరఫున వెళుతున్నాయి.

టిఫిను కోట బయట ఒక ఇంటి వరండాలో పెట్టారు. ఇడ్లీ వేడిగా, మెత్తగా ఉంది. అల్లం పచ్చడి ఘాటు సరిగ్గా కుదిరింది. వడలు చల్లారిపోయాయిగానీ కాఫీ మళ్లీ అడిగితే విసుక్కోకుండా పోశారు. ఒక మార్కు ఊరికే ఇవ్వలేదు.

వెళ్లేవాళ్లకు నాలుగు మాటలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు బందీఖానా దాకా వచ్చి ఆగిపోవచ్చు, పైదాకా ఎక్కకపోతే ఈ నడకలో పోయేదేం లేదు. ఎండాకాలం మాత్రం వద్దు, కోట తొమ్మిదికి తెరిచేసరికే రాళ్లు కాలుతుంటాయి. ఆషాఢం ఆదివారాల్లో పైన జగదాంబ గుడి దగ్గర బోనాల జనం ఉంటారు. బోనాలు చూడాలంటే వెళ్లండి, పాట వినాలంటే ఇంకో రోజు పెట్టుకోండి. టార్చిలైటు తీసుకెళ్లండి, ఫోను లైటు గోడ బొమ్మలకు సరిపోదు.

బుక్ చేసేటప్పుడు తెలుగు బ్యాచ్ కావాలని గట్టిగా చెప్పండి. ఊరుకుంటే ఇంగ్లీషు బ్యాచ్‌లో వేసేస్తారు, అందులో పాటకు బదులు పాట మీద ఉపన్యాసం ఉంటుందట. చివరి చరణం కూడా ముందే అడిగి పెట్టుకోండి. ఫోన్ చేస్తే, అడిగినవాళ్లకు పాడిస్తామని ఇప్పుడు చెబుతున్నారు.